చెవులజోడు

మా బావ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళు ముందు మా అక్కను పట్టుకుని ఏడ్చారు. తర్వాత ముఖం కడుక్కుని మంచినీళ్ళు తాగారు. ఆ పైన నన్ను అరుగు మీదికి పిలిచి, గొంతు తగ్గించి, "ఆ సెవులజోడు ఇప్పుడేటి సేస్తారు?" అని అడిగారు. ఎవరైనా పోతే పొలం ఎవరికి, బంగారం ఎవరికి అని ఆరాలు తీయడం లోకరీతి. మా బావ విషయంలో జనానికి ఆ శ్రమ లేదు. పొలం మొదట్నుంచీ లేదు, బంగారం అంతంత మాత్రం, కొట్టు ఎప్పుడో పోయింది. కొట్టు పోవడానికి కారణమైన వస్తువు మాత్రం గూట్లో తెల్లగుడ్డ కప్పుకుని క్షేమంగా ఉంది.

చెవులజోడు అన్న మాట పుట్టించింది మా అక్కే. బావ కళ్ళజోడు మార్పించుకోవడానికి వైజాగ్ వెళ్ళాడు. కళ్ళ డాక్టరు దగ్గర జనం ఎక్కువగా ఉంటే, పక్క షాపులో ఏసీ చల్లగా ఉందని కాసేపు దూరాడు. అక్కడి సేల్స్‌మన్ ఊరికే ఉండక ఈయన నెత్తిన ఒక పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించాడు. సాయంత్రం గజపతినగరంలో దిగిన మనిషికి ముక్కు మీద పాత కళ్ళజోడే ఉంది, చంకలో మాత్రం కొత్త అట్టపెట్టె ఉంది. "కళ్ళజోడుకని ఎల్లి సెవులజోడు తెచ్చీసినారేటండీ?" అంది అక్క. ఆ పేరు ఊళ్ళో అందరికీ నచ్చింది. బావ పోయేదాకా ఆ పాత కళ్ళజోడుతోనే పేపరును చేతులు చాపినంత దూరం పెట్టుకుని చదువుకున్నాడు.

మెయిన్ రోడ్డు మీద వాళ్ళది ఎండుమిరప, చింతపండు, బెల్లం టోకు వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. బావా, ఆయన తమ్ముడూ కలిసి నడిపేవారు. ఆ తమ్ముణ్ణి మేం చిన్నబావ అంటాం. ఇద్దరికీ కలిపి దేవుడు ఇచ్చిన మాటలన్నీ చిన్నబావ ఒక్కడే వాడేసుకున్నాడు. మా బావకు మిగిలింది ఒక్కటే మాట, "ఊ". బేరంలో ఆయన ఊ అన్నాడంటే ఒప్పుకున్నట్టు. అనలేదంటే బస్తా కట్టేసుకుని వెళ్ళిపోవచ్చు. రాయగడ నుంచి చింతపండు తెచ్చేవాళ్ళు కూడా ఆయన ఊ కోసం టీ చల్లారబెట్టుకుని కూర్చునేవారు. ఒకసారి ఊ అన్నాక ధర అటూ ఇటూ అయినా ఆయన వెనక్కి తగ్గిన దాఖలా లేదు.

అటువంటి మనిషికి సంగీతమేమిటని నాక్కూడా అనుమానం వచ్చింది. చిన్నప్పుడు విజయనగరంలో వాళ్ళ మేనత్త ఇంటి పక్కన ఎవరో రోజూ వయొలిన్ సాధన చేసేవారట, అది విన్నాడట. మా ఊళ్ళలో ఈ మాట ఎవరైనా చెప్పుకుంటారు. విజయనగరం గాలి పీల్చిన ప్రతివాడికీ పక్కింట్లో ఒక వయొలిన్ ఉండి తీరుతుంది.

ఇక ఆ వస్తువు సంగతి. రెండు కొబ్బరి చిప్పలంత ఉంటుంది. చెవుల వైపు మెత్తటి దిండ్లు. బయటి వైపు మూత ఉండాల్సిన చోట మూత లేదు, ఇనుప జల్లెడ ఉంది. లోపల పాట పెడితే ఆ జల్లెడ గుండా బయటికి దోమల గోలలా సన్నగా వినబడుతూ ఉంటుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు తిరగేసి, బోర్లేసి, "ఇంత పోసి సిల్లులు కొన్నావేటి బావా?" అన్నాను. ఆయన నా చేతిలోంచి దాన్ని జాగ్రత్తగా తీసుకుని, "డబ్బు సిల్లులకేరా" అన్నాడు. బాగా డబ్బు పెట్టి మోసపోయినవాడు మాట్లాడే తీరు అదేనని నేను సరిపెట్టుకున్నాను.

నేనేమో విజయనగరం స్టేషన్ బయట బండికి వేలాడదీసి అమ్మే ఇయర్‌ఫోన్స్ పార్టీ. రబ్బరు బిరడాల్లాంటివి, చెవిలోకి దిగ్గొడితే లోకం మాయం. కొన్నాళ్ళకు ఒక చెవి చచ్చిపోతుంది, ఇంకోటి కొంటాం. పాట పాటే కదా, దానికింత రాజభోగం దేనికని నా వాదన. ఆదివారం ఆదివారం రాయగడ ప్యాసింజరెక్కి అక్కను చూడ్డానికి వెళ్ళేవాణ్ణి. ఒక ఆదివారం చెవుల్లో బిరడాలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నానేమో, గజపతినగరం వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. బొబ్బిలిలో దిగి, వెనక్కి బస్సు పట్టుకుని, మధ్యాహ్నం దాటాక చేరాను. అక్క నాకోసం ఉంచిన పప్పుచారు చల్లారిపోయింది. బావ నన్ను ఎగాదిగా చూసి, "సెవులు కట్టీసుకుంటే ఊరే దాటిపోద్దిరా" అన్నాడు. ఆయన నోట ఒకేసారి అన్ని మాటలు రావడం ఆ ఏటికి అదే మొదలూ చివరా.

ఆ చిల్లులెందుకని అడిగితే మాత్రం తన సరుకు భాషలోనే చెప్పేవాడు. "మిరపకాయలు మూటలో బిగిస్తే ఏటవుతాది? బూజు. గాలి తగలాల. పాటైనా అంతే." మిరపకాయలకూ రాగాలకూ చుట్టరికం కలిపిన మహానుభావుడు మా జిల్లాలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఆ వస్తువు ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలోనే ఒక ఘనకార్యం జరిగింది. కొత్త హెడ్‌ఫోన్స్‌ని కొన్నాళ్ళు ఊరికే పాటలు పెట్టి వదిలేయాలని, అప్పుడుగానీ గొంతు విచ్చుకోదని సేల్స్‌మన్ చెప్పి పంపాడట. ఈయన దాన్ని తెలుగు చేసి అక్కతో, "కొన్నాళ్ళు మాగాల" అని, సరుకు కోసం రాయగడ వెళ్ళిపోయాడు. మామిడిపళ్ళ రోజులు. వెనక గదిలో వరిగడ్డి పరిచి కాయలు మాగేసి ఉన్నాయి. భర్త మాట జవదాటని ఇల్లాలు, చెవులజోడును పాత పంచె ముక్కలో చుట్టి, కాయల మధ్య పెట్టి, పైన గడ్డి కప్పింది.

బావ తిరిగొచ్చేసరికి కాయలు పండాయి. చెవులజోడు కూడా మామిడిపండు వాసన కొడుతూ, దిండ్ల నిండా ఎర్రచీమలతో బయటపడింది. చిన్నబావ కొట్లో కూర్చున్న దళారులకు వినబడేలా నవ్వాడు. "మా వదినమ్మ తెలివి సూసినారా, మిషను మాగేసినాది" అని అందరికీ చాటాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మం వెనక్కి తప్పుకుంది. అప్పుడు బావ చీమలు దులుపుతూ, తల ఎత్తకుండా, "నేనే గడ్డిలో పెట్టమన్నానురా" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆ చెవులజోడును అక్కడే నెత్తిన పెట్టుకుని కాసేపు విని, "తియ్యగా ఉన్నాది" అని తేల్చాడు కూడా. ఆ సాయంత్రానికి గజపతినగరంలో వార్త మారిపోయింది. అక్క అమాయకురాలన్న మాట పోయి, బావకు మతి చలించిందన్న మాట నిలిచింది.

అప్పటినుంచి ఆయనకు చెవిటి మాలోకం అని పేరు. మధ్యాహ్నం భోజనం చేసి, కొట్టు తలుపులు ఓరగా వేసి, వెనక వసారాలో వీధి వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవాడు. నెత్తిన చెవులజోడు, ఒళ్ళో ఫోను, కళ్ళు మూత, మోకాలి మీద వేళ్ళతో తాళం. ఇక ఆ ఇంట్లో ఎవరికీ అడ్డూ అదుపూ లేదు. ఆయన పక్కనే నిలబడి చిన్నబావ దళారులతో గూడుపుఠాణీలు నడిపేవాడు. చుట్టాలు ఆయన ముందే ఆయన పిసినారితనం గురించీ, పిచ్చి గురించీ చర్చించుకునేవారు. నేనూ నా వంతు వెటకారాలు ఏ లోటూ లేకుండా సమర్పించుకున్నాను. ఎవరైనా మరీ దగ్గరికొచ్చి భుజం తడితే, కళ్ళు తెరవకుండానే "ఊ" అనేవాడు. అది జవాబో, పాటకు ఊ కొట్టడమో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ వసారాలోకి అందరికంటే ఎక్కువగా వచ్చేది మా అక్క. ఆమెకు కాపురానికొచ్చిన కొత్తలోనే దగ్గు పట్టుకుంది. ముందు కొట్లో మిరప బస్తాలు విప్పితే వెనక వంటింట్లో ఊపిరాడేది కాదు. మందులు మింగింది, కషాయాలు తాగింది. ఆ ఘాటులోంచి బయటపడితే తప్ప తగ్గదని డాక్టరు చెప్పాడు. బయటపడడమంటే ఆ ఇంట్లో వేరుపడడమే. వేరుపడడమన్న మాట కోడలి నోట వచ్చిందంటే, అన్నదమ్ముల్ని విడగొట్టింది అన్న పేరు కాటికి పోయేదాకా వదలదు. అందుకని మొగుడి ముఖాన ఎన్నడూ అడగలేదు. వీపుకి చెప్పుకునేది.

కుర్చీ వెనక స్తంభానికి ఆనుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మొదలెట్టేది. "మీకు ఇనపడదని తెలుసు, అందుకే సెప్తన్నాను. నాకీ కొట్టొద్దు, ఈ మెయిన్ రోడ్డొద్దు. గాలొచ్చే మూల ఒక గది సాలు. నా పీక తెగిపోతన్నాదండీ ఈ మిరపకాయల్తో." అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఊపులో అత్తవారి ఏడు తరాలనూ దులిపేది, ఈ మొగుణ్ణి చూసి చేసిన పెళ్ళిళ్ళ పేరయ్యను తిట్టేది, దగ్గొచ్చి ఆగేది. చెవిటివాడి ముందు శంఖం ఎందుకే అక్కా, పోనీ నేను చెప్పనా అంటే, చంపేస్తానని వేలు చూపించేది. శ్రీముఖలింగం స్వామికి మొక్కుకున్నాను, ఆయనే దారి చూపిస్తాడు, నువ్వు నోరు మూసుకో అనేది. బావ వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తూనే ఉండేవి.

స్వామి దారి చూపించిన రోజు నేనక్కడే ఉన్నాను. చిన్నబావ ఎప్పటినుంచో కొట్టు మీద కన్నేశాడు. ఆ ఆదివారం వాళ్ళ పెద్ద మేనమావను పిలిపించి, మధ్యాహ్నం సరిగ్గా బావ చెవులజోడు తగిలించుకున్నాకే వసారాలోకి తీసుకొచ్చాడు. ఎదురుగా నిలబడి, ఎంతో వినయంగా, "అన్నయ్యా, కొట్టూ ఈ ఇల్లూ నాకు. నెల్లిమర్లలో నాన్నగారి పెంకుటిల్లు నీకు. నీకు సమ్మతమేనా?" అన్నాడు.

"ఊ," అన్నాడు బావ, కళ్ళు తెరవకుండా.

"మావయ్యా, ఇన్నావు కదా" అని చిన్నబావ ఆయన వైపు తిరిగాడు. ముసలాయనకు కాస్త మొహమాటమేసినట్టుంది. వంగి, మళ్ళీ తనే అడిగాడు. మళ్ళీ అదే ఊ.

నేను ఒక్క అంగలో వెళ్ళి చెవులజోడు పీకి ఒళ్ళో పడేశాను. ఏం ఒప్పుకున్నావో తెలుసా, నిన్ను నిలువునా ముంచేస్తున్నారు, వినబడలేదని ఒక్క మాట చెప్పు అన్నాను. బావ తమ్ముడి ముఖం చూశాడు, మేనమావ ముఖం చూశాడు, గుమ్మంలో నిలబడ్డ అక్క ముఖం మాత్రం చూడలేదు. "అన్నీసినాను కదరా. యాపారస్తుడు ఊ అన్నాక మళ్ళీ ఏటుంటాది?" అన్నాడు.

ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన హెడ్‌ఫోన్స్ ఏవని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. మెయిన్ రోడ్డు మీద కొట్టు ఖరీదు. నాలాగా బండి మీద సరుకు కొనుక్కునుంటే, అవి ఆపాటికి ఒక చెవి చచ్చి, ఆ చెవితోనైనా తమ్ముడి మాట వినబడేదని ఆయన ముఖానే అన్నాను. ఊరంతా కూడా దాదాపు అదే అంది. పాటల పిచ్చిలో ఆస్తి పోగొట్టుకున్న వెర్రిబాగులవాడని బావ మీద జాలిపడ్డారు. అక్క గురించి చెడుగా ఒక్కరూ మాట్లాడలేదు. పాపం ఆవిడేం చేస్తుంది అన్నారు.

నెల్లిమర్ల ఇల్లు చిన్నది. ముందు ఒక గది, వెనక వంటగది, ఒంటి స్తంభం మీద చిన్న వసారా, చుట్టూ కాస్త జాగా, మూడు వైపుల నుంచీ గాలి. జూట్ మిల్లు కూతకు లేవడం, కూతకు తినడం. బావ అక్కడి బియ్యం మిల్లులో లెక్కలు రాయడానికి కుదురుకున్నాడు. టోకు వ్యాపారం చేసిన మనిషి మరొకడి గల్లాపెట్టె పక్కన కూర్చోవడం నాకు తల కొట్టేసినట్టుండేది. ఆయనకేమీ అనిపించినట్టు లేదు. ఒక చలికాలం గడిచేసరికి అక్క దగ్గు తగ్గింది. నేను ఫోన్ చేస్తే మధ్యలో ఆగకుండా మాట్లాడడం మొదలెట్టింది.

మొక్కు తీర్చుకోవడానికి శ్రీముఖలింగం వెళ్ళాం. కొబ్బరికాయల సంచీ బావ మోశాడు. అక్క స్వామి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని, బయటికొచ్చాక నాతో, "ఆ పూట ఆయన సెవులు మూసింది ఈ స్వామేరా. నా మొర ఇన్నాడు" అంది. అంతటి దేవుడు వంశధార ఒడ్డు నుంచి గజపతినగరం వచ్చి ఒక చింతపండు వ్యాపారి చెవులు మూశాడా అని నేను నవ్వాను. "స్వామి ఇన్నాడంటావేటి బావా?" అని ఆయన్ని కూడా లాగాను. ఆయన కొబ్బరి చిప్పలు సంచీలో సర్దుకుంటూ, ముఖం ఏమాత్రం మారకుండా, "ఊ" అన్నాడు.

బావ పోవడం కూడా ఎవరికీ శ్రమ ఇవ్వకుండానే జరిగింది. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చెవులజోడు మెడలో ఉంది. పాట నడుస్తూనే ఉందట. మామూలుగానే ఉన్నాడనుకుని అక్క చాలాసేపు ఏదో చెబుతూ బియ్యం ఏరిందట.

కర్మలన్నీ అయ్యాక పెద్దలు అక్క సంగతి తేల్చడానికి కూర్చున్నారు. ఆడమనిషి ఒక్కర్తీ ఎలా ఉంటుందన్నది సమస్య. చిన్నబావ మంచితనం పొంగి పొర్లి, వదినమ్మను కొట్టింటికి పంపేయండి, వెనక గది ఖాళీయే అన్నాడు. లేదు, సొంత తమ్ముడున్నాడు కదా, విజయనగరం తీసుకుపోవాలి అన్నారు మిగతావాళ్ళు. అదే నిలబడింది. నేనూ గర్వంగా తల ఊపాను. మా అపార్ట్‌మెంటు కింద కారం ఆడించే పిండిమర ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. అక్కను అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఆమె వంటింట్లో ఉంది.

మర్నాడు బట్టలు సర్దుతూ చెవులజోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పాటలు ఇంటావు కదా, నువ్వే ఉంచుకో" అంది. తర్వాత ఏదో గుర్తొచ్చి కొంచెం నవ్వింది. "విచిత్రం సెప్పనా? ఆ ఆఖరి పూట తప్పితే, నేనొచ్చి స్తంభానికి ఆనుకునీసరికి ఎప్పుడూ ఆ దోమల గోల ఆగిపోయేది, పాట అయిపోయినట్టు. నా గోల అయినాకే మళ్ళీ ఇంకో పాట. మనుషుల కంటే పాటలకే మర్యాద తెలుసురా."

ఆమె లోపలికి వెళ్ళాక నేను ఆయన కుర్చీలో కూర్చుని చెవులజోడు తగిలించుకున్నాను. పాటేమీ పెట్టలేదు, బరువెంతో చూద్దామని. నా బిరడాల్లాగా లోకం మాయమవుతుందనుకున్నాను. కాలేదు. మిల్లు దగ్గర లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు వినబడింది. పెరట్లో కుళాయి కారడం వినబడింది. వంటింట్లో అక్క డబ్బా మూత పెట్టడం, నిట్టూర్చడం, అన్నీ ఆ జల్లెడ గుండా నేరుగా చెవిలోకి వచ్చాయి. అది మూత లేని వస్తువు. పాట ఆపితే చెవులకు అడ్డమే లేదు.

డబ్బు సిల్లులకేరా అన్నాడు మహానుభావుడు. అయితే చిన్నబావ గూడుపుఠాణీలన్నీ విన్నాడు. చుట్టాల చర్చలన్నీ విన్నాడు. నా వెటకారాలూ విన్నాడు. అక్క గొంతు వచ్చినప్పుడు పాట ఆపి, వేళ్ళతో ఉత్తుత్తి తాళం వేస్తూ, ఆమె దగ్గు కూడా విన్నాడు. మేనమావ సాక్షిగా కొట్టు అడిగిన రోజు దోమల గోల లేదని నాకిప్పుడు గుర్తొచ్చింది. భార్య మాట విని వేరుపడ్డాడంటే పేరు ఆమెకు పోతుంది. వినబడక ఊ అన్నాడంటే తనకు పోతుంది. బేరం తెలిసిన మనిషి, చవకైనది తనదే అనుకున్నాడు. ఆ కుర్చీలో నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఒక్క ముక్క నాతోనైనా చెప్పి ఉండొచ్చు కదా అని.

అప్పుడే వెనక అడుగుల చప్పుడైంది. నా నెత్తి మీద చెవులజోడు చూసింది కాబోలు, అక్క స్తంభానికి ఆనుకుంది. తన అలవాటు తనది.

"నీకూ ఇనపడదు కదా, అందుకే సెప్తన్నాను" అంది నా వీపుతో. "నేనెక్కడికీ రాన్రా. కొట్టింటికొద్దు. మీ ఇంటికీ వద్దు, అక్కడ కారం మిల్లు ఉన్నాది, నీ ముఖం సూసి అనలేను. ఈ గాలి నాకు స్వామిచ్చినాడు. నన్నిక్కడే ఉండనీండి."

నేను మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాను. తాళం ఆపకుండానే, "ఊ" అన్నాను.

సాయంత్రం పెద్దలు బండి ఎన్నింటికని అడిగితే, మా ఫ్లాటులో చోటు చాలదు, అక్కను తీసుకెళ్ళలేను అన్నాను. పోనీ కొట్టింటికి అన్న చిన్నబావతో, మావాళ్ళ ఆడపిల్ల పంచుకుపోయినవాడి పంచన ఉంటే నాకు నామర్దా, నేను ఒప్పుకోను అన్నాను. అందరూ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. బావకు వెర్రి అన్నవాళ్ళే నాకు రాతి గుండె అన్నారు. ఇప్పుడు మా చుట్టాలందరిలో నేను తోడబుట్టినదానికి ఒక గది ఇవ్వలేని పిసినారిని. అక్క కూడా ఇరుగుపొరుగుతో, సొంత తమ్ముడే రమ్మనలేదమ్మా అని చెప్పుకుంటోందట, హాయిగా ఊపిరి పీల్చుకుంటూ. అసలు సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే, ఏడు తరాలకూ తను పెట్టిన శాపనార్థాలు కూడా ఆయన విన్నాడని తెలిసిపోతుంది.

మొన్న ఫోన్ చేసింది. "స్వామి మళ్ళీ ఇన్నాడురా తమ్ముడూ. నీ మనసు రాయి సేసి మరీ నన్నిక్కడ ఉంచినాడు. మొక్కు సెల్లించాల, శ్రీముఖలింగం తీసికెల్తావా?"

"ఊ," అన్నాను.